ఏడో క్రోమోజోముకు అంటిన ముక్క

8 ఫిబ్రవరి 2015

అత్తా,

ఫోను చేస్తే నీ వైపు నుంచి "ఆఁ? ఏంటీ?", నా వైపు నుంచి అరుపులు తప్ప ఇంకేమీ జరగడం లేదు. నా పక్క బల్లవాడు చెవుల్లో హెడ్‌ఫోన్లు కుక్కుకుంటున్నాడు. అందుకని ఉత్తరం. చెవి మిషను పెట్టుకోనని నువ్వు మొండికేసినంత కాలం నీకు ఉత్తరాలే గతి.

మామయ్యతో పని పడింది. మీ ఆఫీసు తోటలో వెనక గోడ దగ్గర ముళ్ళ అడవినిమ్మ చెట్టుందే, వేరుకుళ్ళు తెగులు సోకినా చావనిది, దాని లేత ఆకులు కావాలి. రెండు గుప్పెళ్ళు చాలు. మీ పెద్దసారూ మా పీహెచ్‌డీ గైడూ కలిసి దాని జన్యుపటం తయారు చేయిస్తున్నారు. ఆ పటం కూర్చే ప్రోగ్రాము రాస్తున్నది నేనే.

నువ్వు ఎలాగూ అడుగుతావు కాబట్టి ముందే చెప్తున్నా. యంత్రం డీఎన్ఏని లక్షల ముక్కలుగా చదివి ఇస్తుంది. దేని పక్కన ఏది ఉండాలో దానికి తెలీదు. వాటిని వరసలో పెట్టి మళ్ళీ తొమ్మిది క్రోమోజోములుగా నిలబెట్టడం నా పని. దానికో ఉపాయముంది. ఆకుని ఫార్మలిన్‌లో ముంచితే కణం లోపల దగ్గరదగ్గరగా ఉన్న ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఒకే క్రోమోజోము మీదివి ఎక్కువసార్లు అతుక్కుంటాయి, వేరేదాని మీదివి తక్కువసార్లు. ఆ అతుకులు లెక్కపెడితే ఎవరికి ఎవరు పక్కింటివాళ్ళో తేలిపోతుంది. నువ్వు ముప్పై ఏళ్ళు మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి చూసినదాన్ని నేను చూడకుండానే చెప్పేస్తానన్నమాట. కుళ్ళుకోకు.

మా గది నేల కింద ఉంది. యంత్రాల కోసం చల్లగా ఉంచుతారు, మనుషులు స్వెట్టర్లలో వణుకుతుంటారు. బయట ఎండో వానో సాయంత్రం మెట్లెక్కాకే తెలుస్తుంది.

మామయ్య మోకాలు ఎలా ఉంది?

నీ చిట్టి

*

2 మార్చి 2015

చిట్టీ,

ఆకులు పంపాం, అందే ఉంటాయి. మీ మామయ్య తడి కాగితంలో చుట్టి, దాని మీద ప్లాస్టిక్ సంచి, దాని మీద ఇంకో సంచి. పెళ్ళికూతుర్ని సాగనంపినంత హడావుడి చేశారు. "మన పిల్ల అడిగింది" అని పార్సెలు ఆఫీసులో ముక్కూ ముఖం తెలీనివాళ్ళకి కూడా చెప్పారట. మోకాలు అలాగే ఉంది. వంగొద్దంటే వింటారా? ఆయనకిప్పుడు తొమ్మిది వందల మంది పిల్లలు. ఆ ముళ్ళ నిమ్మ పూల మీద తోటనిమ్మ పుప్పొడి తనే కుంచెతో అద్ది, ఆరేళ్ళు తిప్పలుపడి మొలిపించిన మొక్కలు. ఒక్కోదాన్నీ చూసి ఇది అల్లరిది, ఇది తిండిపోతు అంటారు. హెడ్ మాలీ ఉద్యోగం కాదు, బాలవాడీ నడుపుతున్నట్టుంది.

ఇక అసలు మాట. నువ్వు నా కంటితో పని లేదన్నావు కానీ, ఒకటి చెప్తాను విను. ఆ చెట్టు మామూలుది కాదు. దాని మొగ్గలు నలిపి, రంగేసి, గాజు పలక మీద బొటనవేలితో నొక్కి చూశాను. మిగతా నిమ్మల్లో క్రోమోజోములు జంటలు జంటలుగా నిలబడతాయి. ఇందులో ఒక నాలుగు మాత్రం చేయీ చేయీ పట్టుకుని గుండ్రంగా నిలబడతాయి. అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన దాని రెండు సెట్లలో ఒక సెట్టు మామూలుగానే ఉంది, రెండోదాంట్లో మూడో క్రోమోజోము తోక తెగి ఏడోదానికి అంటుకుంది. ఒక పలకలో కాదు, అరవై పలకల్లో చూశాను.

అప్పటి పెద్దసారుకి చూపిస్తే, "పలక పాడైందమ్మా, గట్టిగా నొక్కేశావు" అన్నారు. టెక్నీషియన్ని కదా, నోరు మూసుకున్నాను. బొమ్మ మాత్రం గీసి దాచుకున్నాను. దాని నకలు ఇందులో పెట్టాను. నీ ప్రోగ్రాముకి చూపించు, దారి తప్పకుండా ఉంటుంది.

అత్త

*

19 జూన్ 2015

అత్తా, అత్తా, అత్తా,

తొమ్మిదీ వచ్చేశాయి! లక్షల ముక్కలు తొమ్మిది వరసల్లో బుద్ధిగా కూర్చున్నాయి. తెర మీద పటం చూస్తే ఒక మూల నుంచి ఇంకో మూలకి తొమ్మిది ఎర్రటి చదరాలు, మచ్చ లేకుండా. మా గైడు నా భుజం తట్టాడు. ఆ మనిషి చేతులు జేబుల్లోంచి తీయగా నేను చూడటం ఇదే మొదటిసారి. వేరుకుళ్ళు తట్టుకునే జన్యువు ఎక్కడుందో కూడా దొరికింది. మూడో క్రోమోజోము చివర.

నీ గుండ్రం మాత్రం రాలేదు. ఆ తోక దగ్గర ప్రోగ్రాము కాస్త తటపటాయించిన మాట నిజమే. కానీ ఇలాంటి తికమకలు వందల చోట్ల వస్తాయి, అన్నిటి దగ్గరా ఆగితే ముసలిదాన్నయిపోతాను. అందుకే ఒక నియమం రాశాను. అనుమానం వచ్చిన చోట తోటనిమ్మ పటం ఎలా ఉంటే అలా పెట్టెయ్యమని. దాని పటం ముందే ఉంది, అందరూ ఒప్పుకున్నది. ఆ ప్రకారం తోక మూడుదే.

పాత మైక్రోస్కోపు, పాత రంగులు. నీ తప్పేం లేదులే అత్తా, ఆ రోజుల్లో అంతే. వ్యాసం చివర కృతజ్ఞతల్లో "ఆకులు పంపినందుకు" అని నీ పేరూ మామయ్య పేరూ పెడతాను. సంతోషమేనా?

చిట్టి

*

5 జులై 2015

చిట్టీ,

సంతోషమేనా అని అడిగావు. మీ మామయ్యకి సంతోషమే. నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

నేను పేరు కోసం రాయలేదు. ఆకులు చెట్టువి, కోసింది ఆయన, నాకెందుకు కృతజ్ఞత? నేను పంపింది బొమ్మ. దాని గురించి నువ్వు రెండు మాటలు రాశావు, రెండూ నా వయసు మీదే.

అది పోనీ. ఇక్కడ జరుగుతున్నది విను. నీ పటం చూసుకుని తొమ్మిది వందల మొక్కల్లో నూట ఇరవై ఉంచి మిగతావి తీసేస్తామని పెద్దసారు అంటున్నారు. ఆకు ముక్క తీసి మూడో క్రోమోజోము మీది గుర్తుని బట్టి ఏరుతారట. మామూలుగా అయితే మొక్కల్ని తెగులున్న మట్టిలో పెట్టి, ఏది బతుకుతుందో చూసి ఏరుతాం. దానికి ఏడాది పడుతుంది. పటం ఉండగా ఏడాది ఎందుకు దండగ అంటున్నారు. మీ మామయ్య అడిగితే, "మీ మేనకోడలే కదయ్యా చేసింది, నీకే నమ్మకం లేదా?" అని నవ్వారట. ఈయన తలూపి వచ్చేశారు. నోట్లో నాలుక లేని మనిషి.

నువ్వొక్క మాట రాయి. "తోక సంగతి అనుమానంగా ఉంది, మట్టి పరీక్ష అయ్యేదాకా ఆగండి" అని. నువ్వు చెబితే ఆగుతారు. నేను చెబితే ఆగరు. ఆలస్యం చెయ్యకు తల్లీ.

అత్త

*

14 ఆగస్టు 2015

అత్తయ్యగారికి,

మీరు మీ పెద్దసారుకి రాసిన ఉత్తరం ఆయన మా గైడుకి పంపించారు. గైడు దాన్ని పదకొండు మంది కూర్చున్న మీటింగులో చదివి వినిపించాడు. "పటం కూర్చిన అమ్మాయి చిన్నది, తొందర మనిషి, అనుమానం ఉన్న చోట గుడ్డిగా వేరే చెట్టుని చూసి పెట్టేసింది" అన్న వాక్యం రెండుసార్లు చదివాడు. నేను మీకు సొంత మనిషినని నమ్మి రాసిన మాటని నా మీదే విసిరారు.

నేను జవాబు రాయకపోవడానికి కారణముంది. వ్యాసం పరిశీలనలో ఉంది. ఇప్పుడు అనుమానం అని ఒక్క మాటంటే మొత్తం వెనక్కి వస్తుంది, మూడేళ్ళ పని బూడిదవుతుంది. వ్యాసం అచ్చయ్యాక నెమ్మదిగా చూద్దామనుకున్నాను. మీరు ఆ మాత్రం ఆగలేకపోయారు.

మీ బొమ్మని ఆ రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదన్న బాధ నాకు అర్థమవుతుంది. దాన్ని నా మీద తీర్చుకోవడం మాత్రం అర్థం కాలేదు. పటంలో తప్పు లేదని గైడు మీ ఆఫీసుకి రాసేశాడు.

మామయ్యగారిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ మేనకోడలు

*

20 సెప్టెంబరు 2015

డాక్టరుగారికి,

నన్ను "మీరు" అన్నారు. ఎనిమిదేళ్ళు మా ఇంట్లో ఉండి చదువుకున్న పిల్ల, జ్వరమొస్తే నా చీర కొంగు వదలని పిల్ల. సరే, నేనూ నేర్చుకుంటాను.

ఆ ఉత్తరం మీ వెనక రాసింది కాదు. మీకు రాసి నెల రోజులు చూశాను. మీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. గడువు దగ్గరపడుతోంది. ఇంకెవరికి రాయను?

మొన్న సోమవారం మొక్కలు పీకారు. ఏడు వందల ఎనభై. కూలీలని పిలుస్తామంటే మీ మామయ్య వద్దన్నారు. తనే పీకారు, మూడు రోజులు. పీకి, మట్టి దులిపి, వరసగా పడుకోబెట్టి, కాల్చడానికి తనే మోశారు. ఇంటికొచ్చి గోళ్ళల్లో మట్టి కడుక్కోకుండానే అన్నం ముందు కూర్చున్నారు. "చిట్టి పటం కదా, తప్పుండదులే" అన్నారు. నన్ను ఊరడించడానికో, తనని ఊరడించుకోవడానికో.

ఇక మనకి ఉత్తరాలతో పని లేదు.

*

3 నవంబరు 2017

అత్తా,

ఎలా మొదలుపెట్టాలో తెలీక నాలుగు కాగితాలు చించాను. రెండేళ్ళు దాటింది. తప్పు నాదా నీదా అని మనసులో వాదించుకుంటూ ఉంటే రోజులు గడిచిపోయాయి. నాకు వేరే చోట ఉద్యోగమొచ్చింది. ఈసారి కిటికీ ఉన్న గది. కిటికీలోంచి కనపడేది ఎదుటి మేడ గోడే అనుకో, అయినా వెలుతురొస్తుంది. నా ప్రోగ్రాముని ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. చేపకి, గోధుమకి, గబ్బిలానికి కూడా.

నాన్న నిన్న ఫోనులో మాటల్లో అన్నాడు, మామయ్య ఉద్యోగం మానేసి ఇంట్లో విశ్రాంతి తీసుకుంటున్నాడని. మంచి పని చేశారు. ఆ మోకాలితో ఎన్నాళ్ళు వంగుతారు? నువ్వు సాధించి మాన్పించి ఉంటావు.

కోపం తగ్గితే రెండు ముక్కలు రాయి. నిన్ను మీరు అన్నందుకు నన్ను రెండు తిట్టు.

నీ చిట్టి

*

17 నవంబరు 2017

చిట్టీ,

మీ నాన్నకి నేనే అలా చెప్పమన్నాను. నీకు తెలిసే ఊరుకున్నావనుకున్నాను. నీ ఉత్తరం చూస్తే తెలీదనిపిస్తోంది. తెలీనట్టు రాయడం నేర్చుకున్నావో ఏమో, అదీ చెప్పలేను.

మానేయలేదు. తీసేశారు. రిటైర్మెంటుకి పద్నాలుగు నెలల ముందు.

మొదటి వానాకాలం ఆ నూట ఇరవై చెట్లూ బాగానే ఉన్నాయి. రెండో వానాకాలం జులైలో ఒక వరసలో ఆకులు పసుపెక్కాయి. ఆగస్టుకి అన్ని వరసలూ. తవ్వి చూస్తే వేళ్ళు నల్లగా, వేలితో నొక్కితే పొట్టు ఊడి వచ్చేస్తోంది. వేరుకుళ్ళు. ఏ తెగులు తట్టుకుంటాయని ఉంచారో ఆ తెగులే. నూట పద్నాలుగు పోయాయి.

విచారణ కమిటీ వేశారు. ముగ్గురు ఆఫీసర్లు. పొడుగాటి బల్ల, ఇటు పక్క ఒక్క కుర్చీ, అందులో మీ మామయ్య. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళారు. నాకెలాగూ చెవి వినపడదు, మీ మాటలేవీ వినను అని చెప్పి నేను తలుపు దగ్గర స్టూలు వేయించుకుని కూర్చున్నాను. ఆ రోజు చెవి మిషను పెట్టుకున్నాను చూడు, ఎందుకు పెట్టుకున్నానా అనిపించింది.

"నీళ్ళు ఎక్కువ పెట్టావా?" అన్నారు.

"లేదండీ. రిజిస్టర్లో ఉన్నట్టే పెట్టాను."

"మరి తెగులు తట్టుకునే చెట్లకి తెగులెందుకు వచ్చింది?"

"అదే నాకూ అర్థం కావట్లేదండీ."

అప్పుడు పెద్దసారు ఒక కాగితం తీశారు. నీకు ఆఫీసు నుంచి ప్రశ్న పంపారట, పటంలో పొరపాటుకి అవకాశముందా అని. నీ జవాబు చదివారు. "పటంలో పొరపాటు లేదు. నీటి యాజమాన్యాన్ని పరిశీలించగలరు." కింద నీ సంతకం. అంతే, రెండు వాక్యాలు.

మీ మామయ్య ఆ కాగితం ఒకసారి చూడనివ్వమన్నారు. సంతకం గుర్తుపట్టారు. నీకు అక్షరాలు దిద్దించింది ఆయనే కదా. కాగితం తిరిగి ఇచ్చేసి, "మా పిల్ల రాసిందంటే ఆలోచించే రాసుంటుందండీ. నేనే ఎక్కడో ఎక్కువ పెట్టుంటాను" అన్నారు.

అది ఒప్పుకోలు కింద రాసుకున్నారు.

ఆ రోజు నుంచి పాత రిజిస్టరు నకలు ముందేసుకుని కూర్చుంటున్నారు. ఏ రోజు ఎక్కువ పెట్టానా అని వెతుకుతున్నారు. దొరకదు. దొరక్కపోయినా వెతుకుతారు. ఉద్యోగం పోయినందుకు నాకు ఏడుపు రాలేదు చిట్టీ. ఆ మనిషి తన చెయ్యిని తానే నమ్మడం మానేశాడు, అందుకు వచ్చింది.

రెండు తిట్టమన్నావు. రెండుతో అయ్యేది కాదు.

అత్త

*

21 జనవరి 2018

అత్తా,

రెండు నెలలు జవాబు రాయనిది తప్పించుకోవడానికి కాదు. చేతిలో ఏదో ఒకటి లేకుండా నీకు రాసే ముఖం లేక.

ఆ నియమం తీసేసి ప్రోగ్రాముని మళ్ళీ నడిపాను. తోక వెళ్ళి ఏడుకి అంటుకుంది. మీ ఆఫీసులో దాచిన ఎండు ఆకుల నుంచి చచ్చిపోయిన చెట్ల డీఎన్ఏ తెప్పించి చూశాను. నువ్వన్నట్టే ఆ చెట్టులో రెండు సెట్లు. తెగులు తట్టుకునే గుణం ఏడుకి అంటుకున్న తోకలో ఉంది. నా నియమం ఆ గుణాన్ని తీసుకెళ్ళి రెండో సెట్టులోని మామూలు మూడుకి తగిలించింది. ఆ మూడు మీది గుర్తు చూసి మొక్కల్ని ఏరారు. మొక్కకి తల్లి నుంచి ఏదో ఒక సెట్టే వస్తుంది. ఆ గుర్తు వచ్చిన మొక్కకి ఆ తోక రాదు. తోక వచ్చిన మొక్కకి ఆ గుర్తు ఉండదు. సగం తప్పు కూడా కాదు అత్తా, నిలువునా తలకిందులు. ఉంచాల్సినవి పీకించాను. పీకాల్సినవి ఉంచాను. మామయ్య చేత.

కమిటీకి ఎనిమిది పేజీలు రాశాను. నీళ్ళకి దీనితో ఏ సంబంధమూ లేదని, తప్పు పూర్తిగా నాదని. వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రికకి రాశాను. గైడు నాతో మాట మానేశాడు. ఇక్కడ కూడా, ఉండమంటారో వెళ్ళమంటారో వచ్చే నెల తెలుస్తుంది. జాలి కోసం చెప్పడం లేదు.

ఇంకొకటుంది. అది రాయకుండా ఈ ఉత్తరం ముగిస్తే మళ్ళీ అబద్ధమవుతుంది. తటపటాయించింది అన్నాను గుర్తుందా, ఆ అంకెలు అప్పుడే చూశాను. ఆ తోకకి నూటికి యాభై రెండు అతుకులు ఏడుతో, నలభై ఎనిమిది మూడుతో. నీ బొమ్మ బల్ల మీదే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తెలిసేది. తెలుస్తుందనే పెట్టలేదు. నీ బొమ్మని పుస్తకం కింద పెట్టేశాను. ఆఫీసు నుంచి ఆ ప్రశ్న వచ్చినప్పుడు కూడా యాభై రెండు, నలభై ఎనిమిది గుర్తొచ్చాయి. పది నిమిషాల్లో జవాబు రాసి పంపేశాను. తోటలో నీళ్ళు పెట్టేది ఎవరో నాకు తెలీదా? ఆ క్షణంలో తెలీనట్టే ఉండిపోయాను.

సవరించిన పటంతో కొత్త వ్యాసం రాస్తున్నాను. అందులో నీ బొమ్మ వేస్తాను. నీ పేరు రచయితల్లో పెట్టనిస్తావా? వద్దంటే అర్థం చేసుకుంటాను.

చిట్టి

*

11 మార్చి 2018

చిట్టీ,

వద్దనను. పెట్టు. రచయితల్లో మొదట పెట్టు, ఇంటిపేరుతో సహా పూర్తిగా. దయతలచి పెడుతున్నట్టు పెట్టకు. అప్పట్లో పేరు కోసం రాయలేదన్నాను. అది పూర్తి నిజం కాదు. నువ్వు నీ నిజం చెప్పావు కాబట్టి నేనూ చెప్తున్నా. మొక్కల కోసం రాశాను, పేరు కోసం కూడా రాశాను. ఇరవై రెండేళ్ళు ఆ బొమ్మని బీరువాలో చీరల మధ్య పెట్టుకున్న మనిషికి ఆశ ఉండదా? నా బతుకంతా పక్కవాళ్ళ పేర్ల కింద పలకలు కడిగాను. నువ్వైనా చూస్తావనుకున్నాను. చూసి, పుస్తకం కింద పెట్టావు. చూడలేదంటే ఇంత మంట ఉండేది కాదు.

క్షమించానని రాయమని నీ ఉత్తరంలో ఎక్కడా అడగలేదు. మంచిది. అడిగితే లేదనాల్సి వచ్చేది.

ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. "సదరు ఉద్యోగిపై మోపిన ఆరోపణ నిలవదు" అని. మళ్ళీ రమ్మన్నారు, మిగిలిన కొద్ది నెలలకి. తల్లి చెట్టు ఇంకా ఉందిగా, మళ్ళీ పూత మీద పుప్పొడి అద్ది మొదలుపెడదాం అన్నారు. మీ మామయ్య వెళ్ళారు. ఖాళీ మళ్ళ చుట్టూ ఒకసారి తిరిగారట. గేటు దగ్గర కాపలావాడితో కాసేపు కబుర్లు చెప్పి, ఇంటికొచ్చేశారు. "ఆరేళ్ళ పని, నేను ఉండేది ఎనిమిది నెలలు. ఎవరికప్పజెప్పను?" అన్నారు. మళ్ళీ వెళ్ళలేదు.

నీ ఎనిమిది పేజీలూ చదివారు. అర్థం కాని చోట నన్నడిగారు. చదివాక, "చిన్నపిల్ల. ఎంత భయపడి ఉంటుందో. రమ్మని రాయి, ఒక వారం ఉండి వెళ్తుంది" అన్నారు. అందుకే రాస్తున్నా. రా. ఆయన సంతోషిస్తారు. వండి పెడతాను, పక్క వేస్తాను. నాతో మాత్రం పాత అత్తతో మాట్లాడినట్టు మాట్లాడకు. అది నా చేతిలో లేదు.

వచ్చే ముందు ఒక సంగతి తెలుసుకో, వచ్చాక చూసి బిత్తరపోకుండా. బాల్కనీలో ఎనిమిది కుండీలున్నాయి. నీ పేజీలన్నీ చదివి, కాగితం వచ్చి, అంతా తేలిపోయిన మర్నాడు పొద్దున చెంబుతో నీళ్ళు పట్టుకుని కుండీల దగ్గర నిలబడ్డారు. నలభై ఏళ్ళు మట్టిని వేలితో ముట్టి దాహం చెప్పిన మనిషి. నన్ను పిలిచి అడిగారు, "పొయ్యనా? ఎక్కువవుతాయేమో చూడు" అని. ఇవాళ కూడా అడిగారు.

అత్త